ప్రశ్నాసోపానం: జీవసృష్టిని అన్వేషించిన సంవాదరీతుల చరిత్ర

ఓం శ్రీ గురుభ్యో నమః

ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయం ఒక శోకార్తుని రాకతో ప్రారంభమవుతుంది. దేవర్షి అయిన నారదుడు సనత్కుమారుని సన్నిధికి చేరి తనకు ఉపదేశించమని ప్రార్థిస్తాడు. సనత్కుమారుడు వెంటనే ఉపదేశానికి పూనుకోడు. నీకు తెలిసినదేదో ముందు చెప్పు, దానికి పైనున్నది తరువాత చెబుతానంటాడు. నారదుడు తన విద్యలను వరుసగా నివేదిస్తాడు. నాలుగు వేదాలు, ఇతిహాసపురాణాలు, వ్యాకరణం, గణితం, తర్కం, నక్షత్రవిద్య, ఇంకా ఎన్నో ఆ పట్టికలో ఉన్నాయి. పట్టిక ముగిసిన చోట అసలు సంగతి వెలికి వస్తుంది. ఇన్ని నేర్చినా తాను మంత్రవిదుడనే గాని ఆత్మవిదుడను కానని, ఆత్మను ఎరిగినవాడు శోకాన్ని దాటుతాడని పెద్దల వలన విన్నానని, తాను శోకిస్తున్నానని, తనను ఆవలి తీరానికి చేర్చమని అతడు వేడుకుంటాడు.

సనత్కుమారుడు బ్రహ్మమానసపుత్రుడు. శిష్యుని అంతరంగం అడగకుండానే ఎరుగగలవాడు. అయినప్పటికీ అడిగాడు. నారదుడు తన విద్యలను తన నోటితోనే లెక్కించుకుంటూ పోయాడు. శోకమనే మాట అతని నోటనే, ఆ లెక్క చివరనే వచ్చింది. గురువు ముందుగా ఒక్క వాక్యం బోధించి ఉంటే, ఆ మాట వెలువడే అవకాశమే ఉండేది కాదు.

ఒక మనిషి తన జీవితానుభవానికి కల్పించుకున్న అర్థమేమిటో మరొక మనిషి ఎలా తెలుసుకోగలడు? అడిగే తీరు ఎలా ఉండాలి? ఈ ప్రశ్నకు వేదాంతంలో ఒక సిద్ధాంతభూమిక ఉన్నది. 20వ శతాబ్దపు అమెరికాలో ఇదే ప్రశ్న వేరొక మార్గాన ఒక మనస్తత్త్వశాస్త్రజ్ఞుని ముందు నిలిచి, సునిశ్చితమైన కొన్ని సంవాదరీతులకు జన్మనిచ్చింది. ఈ రెండూ పుట్టిన నేలలు వేరు, లక్ష్యాలు వేరు. అయినా పక్కపక్కన ఉంచి పరిశీలిస్తే సాధకునికి ప్రయోజనకరమైన ఒక వివేకం లభిస్తుంది.

విద్యారణ్యుల జీవసృష్టి వివేచన

14వ శతాబ్దంలో శృంగేరీ పీఠాన్ని అలంకరించిన విద్యారణ్యస్వామి పేరు విజయనగర సామ్రాజ్యావిర్భావంతో ముడివడి తెలుగువారికి సుపరిచితం. వారి పంచదశి పదిహేను ప్రకరణాల గ్రంథం. అందులో నాలుగవది ద్వైతవివేక ప్రకరణం. అక్కడ జగత్తును రెండు సృష్టులుగా విభజించి చూపుతారు. ఈశ్వరుడు సృజించిన వస్తుజాతం ఒకటి. ఆ వస్తువులపై ప్రతి జీవుడూ తన మనస్సుతో నిర్మించుకునే భావజాతం మరొకటి. మొదటిది ఈశ్వరసృష్టి, రెండవది జీవసృష్టి.

దీనికి వారు చూపే దృష్టాంతాలు నిత్యజీవితంలోనివి. ఒక మణి ఉన్నది. అది లభించినవాడు సంతోషిస్తాడు. లభించనివాడు క్రోధిస్తాడు. విరక్తుడు దానిని ఊరక చూస్తాడు. మణి ఒక్కటే, మూడు మనస్సులలో మూడు మణులు. అలాగే ఒక స్త్రీ ఒకరికి భార్య, ఒకరికి కోడలు, ఒకరికి ఆడబిడ్డ, ఒకరికి తోడికోడలు, ఒకరికి తల్లి. ఆమె దేహంలో ఏ మార్పూ లేదు. చూసేవారి సంబంధాన్ని బట్టి ఆమె అనేకరూపిణి అవుతుంది.

మూడవ దృష్టాంతం హృదయాన్ని మరింత లోతుగా తాకుతుంది. ఒక తండ్రికి కుమారుడు దూరదేశంలో ఉన్నాడు. వాడు క్షేమంగానే ఉన్నాడు. కాని ఒక వంచకుడు వచ్చి, నీ కొడుకు మరణించాడని చెబుతాడు. తండ్రి విలపిస్తాడు. దీనికి విపర్యయంగా, కుమారుడు నిజంగానే మరణించినా ఆ వార్త చేరనంతకాలం తండ్రికి రోదనం లేదు. కనుక జీవుని బంధానికి కారణం మనోమయ జగత్తేనని విద్యారణ్యుల నిర్ణయం.

ఈ దృష్టాంతంలో ఒక ఆచరణసూత్రం గర్భితమై ఉన్నది. కుమారుడు జీవించి ఉన్నాడో లేదో తెలియాలంటే దూరదేశానికి ఒక మనిషిని పంపవచ్చు. తండ్రి ఎందుకు ఏడుస్తున్నాడో తెలియాలంటే మాత్రం తండ్రినే అడగాలి. ఈశ్వరసృష్టిని పరీక్షించడానికి ఇంద్రియాలు, సాధనాలు ఉన్నాయి. అన్యుని జీవసృష్టికి వాకిలి అతని వాక్కు మాత్రమే. మన మనస్సుతో దానిని ఊహిస్తే, మన సృష్టినే అతనిలో చూసుకుంటాము.

కాన్సాస్ మైదానాలలో ఒక ఆచార్యుడు

జార్జ్ కెల్లీ 1905లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, పెర్త్ అనే చిన్న పల్లె సమీపాన జన్మించాడు. తొలుత భౌతికశాస్త్రం, గణితం చదివాడు. తరువాత ఎడింబరోలో విద్యాశాస్త్రం అభ్యసించి, 1931లో అయోవా విశ్వవిద్యాలయం నుండి మనస్తత్త్వశాస్త్రంలో డాక్టరేట్ పొందాడు. ఆ సంవత్సరమే పశ్చిమ కాన్సాస్‌లోని ఫోర్ట్ హేస్ కళాశాలలో అధ్యాపకుడయ్యాడు.

అవి ఆర్థికమాంద్యం గ్రామాలను కుదిపివేస్తున్న దినాలు. కరవుతో పంటలు పోయి, ధూళితుపానులు పొలాలను కప్పివేస్తున్న ఆ ప్రాంతంలో మానసిక క్లేశానికి చికిత్స చేసేవారు దాదాపు లేరు. కెల్లీ తన విద్యార్థులను వెంటబెట్టుకొని ఊరూరి పాఠశాలలకు తిరిగే సంచారచికిత్సాలయాన్ని నడిపాడు.

తొలినాళ్లలో అతడు ఫ్రాయిడ్ సిద్ధాంతం ప్రకారం రోగుల బాధలకు వ్యాఖ్యానం చెప్పేవాడు. ఆ వ్యాఖ్యానాలు విని చాలామంది ఊరట పొందేవారు. అదే అతనిలో సందేహాన్ని రేపింది. ఫ్రాయిడ్ చెప్పినది సత్యం కావడం వలన ఊరట కలుగుతున్నదా, లేక తమ బాధకు ఏదో ఒక అర్థం దొరికినందువలననా? పరీక్షించదలచి అతడు తానే కొన్ని వ్యాఖ్యానాలు కల్పించి చెప్పసాగాడు. రెండు నియమాలు మాత్రం పాటించాడు. ఆ వ్యాఖ్యానం రోగి ముఖ్యమని భావిస్తున్న విషయాలకు పొసగాలి, భవిష్యత్తును కొత్తగా ఎదుర్కొనే దారి చూపాలి. వాటివలన కూడా అనేకులకు మేలు జరిగింది. మనిషిని కట్టివేసేదీ, కదలనిచ్చేదీ అతడు తన స్థితికి చేసుకున్న నిర్మాణమేనన్న నిశ్చయానికి కెల్లీ అక్కడ చేరుకున్నాడు.

మరొక అనుభవం కూడా అతని ఆలోచనను మలచింది. ఒక విద్యార్థి సోమరి అని ఉపాధ్యాయులు ఫిర్యాదు చేసేవారు. విచారిస్తే ఆ ఫిర్యాదు విద్యార్థిని గురించి చెప్పినదానికంటె, ఉపాధ్యాయుడు లోకాన్ని చూసే తీరును గురించి ఎక్కువ చెప్పేది. సోమరితనం మణివంటిదే. చూసేవాని మనస్సులో అది రూపుదిద్దుకుంటుంది.

ద్వితీయ ప్రపంచసంగ్రామానంతరం కెల్లీ ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1955లో అతని సిద్ధాంతం రెండు సంపుటాలుగా వెలువడింది. వైయక్తిక నిర్మితుల మనస్తత్త్వశాస్త్రమని దానిని తెలుగులో పిలువవచ్చు. ప్రతి మనిషీ ఒక శాస్త్రజ్ఞుని వలె తన అనుభవాన్ని ముందుగా ఊహిస్తూ, ఆ ఊహను పరీక్షించుకుంటూ, దానిని సవరించుకుంటూ లేదా సవరించుకోలేక బ్రతుకుతాడని అతని ప్రతిపాదన. జగత్తు సత్యమే, కాని దానిని నిర్మించుకునే తీరులు అనేకం, ఏ ఒక్క తీరుకూ మనిషి శాశ్వతబందీ కానవసరం లేదు అన్నది అతని తాత్త్వికభూమిక. వైద్యుడు పాటించవలసిన మొదటి నియమాన్ని అతడు చాలా సరళంగా చెప్పాడు. ఒకని బాధ ఏమిటో తెలియనప్పుడు అతనినే అడగాలి, అతడు చెప్పవచ్చు. రోగి మాట పైకి అసంగతంగా తోచినా, ముందుగా దానిని విశ్వసించి వినాలన్నది అతని పద్ధతి.

ద్వంద్వం, మూడు చీటీలు

కెల్లీ మతంలో ప్రతి భావానికీ రెండు కొనలు ఉంటాయి. ఒక గుణం పేరు మాత్రమే వింటే దాని అర్థం తెలియదు, ఆ మనిషి దానికి ఎదురుగా దేనిని నిలుపుతున్నాడో తెలియాలి. శాంతస్వభావుడు అనే మాటనే చూద్దాం. దానికి వ్యతిరేకి ఎవరని అడిగితే ఒకరు కోపిష్ఠి అంటారు. మరొకరు ఉత్సాహవంతుడు అంటారు. మొదటివారికి శాంతం అలంకారం, రెండవవారికి అది జడత్వానికి మర్యాదగా పెట్టిన పేరు. పదం ఒకటే అయినా వారి లోకాలు వేరు. శీతోష్ణాలు, సుఖదుఃఖాలు, మానావమానాలు అంటూ ద్వంద్వాలలోనే మనస్సు సంచరిస్తుందన్న గీతాబోధ నెరిగినవారికి ఇది క్రొత్తగా తోచదు. అయితే ప్రతి వ్యక్తికీ తనదైన ద్వంద్వపట్టిక ఒకటి ఉంటుందని, దానిని అతని నోటనే రాబట్టవచ్చునని చూపడం కెల్లీ విశేషం.

రాబట్టే ఉపాయాన్ని రిపర్టరీ పరీక్ష అంటారు. ముందుగా కొన్ని స్థానాలు చెప్పి, ఒక్కొక్క స్థానానికి తన జీవితంలోని ఒక మనిషి పేరు వ్రాయమంటారు. తల్లి, తండ్రి, నచ్చిన గురువు, నచ్చని గురువు, సన్నిహిత మిత్రుడు, తనను ఇష్టపడని మనిషి, ఇలా ఇరవైకి పైగా స్థానాలుంటాయి. ఒక్కొక్క పేరు ఒక్కొక్క చీటీ మీద ఉంటుంది. అడిగేవాడు మూడు చీటీలు ఎదుట ఉంచి, వీరిలో ఏ ఇద్దరు ఏ విషయంలో ఒకరినొకరు పోలి, మూడవవారికి భిన్నంగా ఉన్నారని ప్రశ్నిస్తాడు. ఆ ఇద్దరూ మాట నిలుపుకునేవారు, మూడవవారు సమయానుకూలంగా మాట మార్చేవారు అని సమాధానం రావచ్చు. ఒక ద్వంద్వం దొరికింది. చీటీలు మార్చి మళ్ళీ అడుగుతారు. కొంతసేపటికి అవే భావాలు పునరావృతమవుతాయి. ఆ మనిషి లోకాన్ని కొలిచే కొలబద్దలు అంతటితో బయటపడతాయి.

ఇక్కడ ప్రశ్నించేవాడు ఒక్క గుణం పేరైనా తాను సూచించడు. మంచివారా, చెడ్డవారా అని అడిగితే ఆ మాటలు అడిగినవానివే అవుతాయి. మూడు చీటీల పద్ధతిలో మాటలన్నీ చెప్పేవానివే.

కెల్లీ రూపొందించిన మరొక రీతి ఆత్మచిత్రణం. మనిషి తనను గురించి, తనను ఎంతో సన్నిహితంగా ఎరిగిన, తనపై దయగల ఒక మిత్రుడు వ్రాస్తున్నట్లుగా, ప్రథమపురుషలో వ్రాయాలి. తనను తాను నిందించుకోవడం అలవాటైనవారు సైతం ఆ మిత్రుని కలంతో కొంత సత్యం వ్రాయగలుగుతారు. తనకు తాను కొద్దిపాటి సాక్షి కావడమన్నది ఇందులోని మర్మం.

నిచ్చెన మెట్లు

కెల్లీ శిష్యుడు డెనిస్ హింకిల్ 1965లో ఒహాయోలో సమర్పించిన పరిశోధనలో ఈ పరంపరకు ఒక కొత్త రీతిని జతచేశాడు. దానికి ల్యాడరింగ్, అనగా నిచ్చెన ఎక్కించడం అని పేరు స్థిరపడింది. ఒక ద్వంద్వం దొరికిన తరువాత, ఈ రెండు కొనలలో నీవు ఏ వైపు ఉండగోరుతావని అడగాలి. ఎందుకని అడగాలి. వచ్చిన సమాధానంలోనుండి మరొక ద్వంద్వం పుడుతుంది. అక్కడ కూడా అదే ప్రశ్న.

ఉదాహరణకు ఒక గృహస్థు మితభాషి, వాచాలుడు అనే ద్వంద్వం చెప్పాడనుకుందాం. ఎటు ఉండగోరుతావు? మితభాషిగా. ఎందుకు? తక్కువ మాట్లాడేవాని మాటకు విలువ ఉంటుంది. విలువ ఉండటం నీకెందుకు ముఖ్యం? విలువ లేనివానిని ఇంట్లో ఎవరూ లెక్కచేయరు. లెక్కచేయడమంటే నీకేమిటి? ఇక్కడ ఆ గృహస్థు కొంతసేపు మౌనం వహిస్తాడు. తరువాత, నా తండ్రి చివరిదశలో మాట్లాడుతుంటే ఎవరూ వినేవారు కాదు అంటాడు. మాట్లాడే అలవాటును గురించి మొదలైన సంభాషణ నాలుగు ప్రశ్నలలో ఒక కుమారుని శోకాన్ని చేరుకున్నది.

నిచ్చెన దిగే రీతి కూడా ఉన్నది. 1971లో ఆల్విన్ ల్యాండ్‌ఫీల్డ్ వివరించిన పిరమిడ్ పద్ధతిలో, అటువంటి మనిషి ఎలా ఉంటాడు, ఏమి చేస్తాడు అని అడుగుతూ నిగూఢమైన మాటనుండి నిత్యాచరణలోకి దిగివస్తారు. 1977లో నార్వే దేశస్థుడు ఫిన్ చూడీ మరొక ప్రశ్నాక్రమాన్ని ప్రకటించాడు. ఇప్పటి స్థితివలన కలిగే కష్టమేమిటి, కోరుకునే స్థితివలన వచ్చే సుఖమేమిటి అని అడిగి ఊరుకోకుండా, ఇప్పటి స్థితివలన దక్కుతున్న మేలు ఏమిటి, కోరుకునే స్థితివలన కలుగగల నష్టమేమిటి అని కూడా అడగాలి. మనిషి విడిచిపెట్టదలచినదానిని ఎందుకు విడువలేకపోతున్నాడో ఈ చివరి రెండు ప్రశ్నలలో తేలుతుంది. కోపం విడువలేని సాధకుడు ఈ నాలుగింటినీ తనను తాను వేసుకొని చూస్తే, ఆ కోపం ఇంతకాలం తనకు ఏ సేవ చేసిందో తెలియవచ్చు.

సనత్కుమారుని నిచ్చెన

ఛాందోగ్యంలో నారదుడు ఎక్కినదీ ఒక నిచ్చెనే. నీవు నేర్చినదంతా నామమే అన్నాడు సనత్కుమారుడు. నామానికి మించినదున్నదా అని నారదుడు అడిగాడు. ఉన్నదని గురువు బదులు. అయితే అది చెప్పమని శిష్యుని ప్రార్థన. ఈ మూడు అడుగులే మళ్ళీ మళ్ళీ పడతాయి. నామం, వాక్కు, మనస్సు, సంకల్పం, చిత్తం, ధ్యానం, విజ్ఞానం, బలం, అన్నం, జలం, తేజస్సు, ఆకాశం, స్మృతి, ఆశ, ప్రాణం. మొత్తం పదిహేను మెట్లు.

రెండు నిచ్చెనలకూ సామ్యం ఉన్నది. రెండూ ఎదుటివాడు నిలిచిన మెట్టునుండే ఆరంభమవుతాయి. సనత్కుమారుడు ఆత్మ అనే మాటతో మొదలుపెట్టలేదు. నారదుడు తెచ్చుకున్న విద్యలతోనే మొదలుపెట్టాడు. రెండింటా ఒక మెట్టు దృఢంగా నిలిచిన తరువాతనే పై మెట్టు.

భేదం అంతకంటె గమనింపదగినది. హింకిల్ రీతిలో పై మెట్టుకు నడిపే ప్రశ్న వైద్యునిది. ఉపనిషత్తులో అది శిష్యునిది. గురువు తొందరపడడు. శిష్యుడు అడిగినంతవరకే చెప్పి ఊరుకుంటాడు. ప్రాణం దగ్గరకు వచ్చేసరికి మాత్రం నారదుడు ప్రశ్నించడం మానివేస్తాడు. అదే పరమమని అతడు తృప్తి చెందాడని శంకరభగవత్పాదుల భాష్యం. అక్కడ సనత్కుమారుడు, అడగకపోయినా, కరుణతో తానే ముందుకు నడిపించాడు. సత్యం, విజ్ఞానం, మననం, శ్రద్ధ, నిష్ఠ, కృతి, సుఖం అనే క్రమాన భూమను చేర్చాడు. అల్పంలో లేని సుఖం భూమలోనే ఉన్నదని ఆ ఉపదేశం.

మనస్తత్త్వశాస్త్రపు నిచ్చెన మనిషి మాటలు ముగిసిన చోట ముగుస్తుంది. అతడు దేనిని సర్వోన్నతంగా నిలుపుకున్నాడో తెలిసిందంటే దాని పని పూర్తయింది. వేదాంతం అక్కడ మరొక ప్రశ్న వేస్తుంది. ఈ నిర్మాణమంతా ఎవరిది? నిర్మించినవాడు ఎవరు? జీవసృష్టిని మరింత మేలైన జీవసృష్టిగా మలచడం కెల్లీ ఆశయం. జీవసృష్టికి ఆధారమైన సాక్షిని గుర్తింపజేయడం విద్యారణ్యుల ఆశయం. మొదటిది రెండవదానికి ప్రత్యామ్నాయం కాజాలదు. అయితే తన కోరికలు, భయాలు ఏ ద్వంద్వాలపై నిలిచి ఉన్నాయో ఎరుగనివాడు సాక్షిని గురించి మాట్లాడితే, అది కూడా నారదుని విద్యల పట్టికలో చేరిన మరొక నామమే అవుతుంది.

ప్రశ్న ఎవరి కోసం?

ఈ విద్యకు ఒక అపాయం ఉన్నది. హృదయపు లోతులకు దారి తెలిసినవాడు ఆ దారిని దేనికైనా వాడుకోవచ్చు. హింకిల్ నిచ్చెనను వాణిజ్యపరిశోధకులు స్వీకరించారు. 1988లో థామస్ రేనాల్డ్స్, జొనాథన్ గట్మన్ దానిని వినియోగదారులపై ప్రయోగించే క్రమాన్ని సవిస్తరంగా ప్రకటించారు. ఈ వస్తువే ఎందుకు, ఆ గుణం నీకెందుకు ముఖ్యం అని అడుగుతూ పోతే ఒక పానీయం మీది ఇష్టం ఆత్మగౌరవం వరకు, కుటుంబప్రేమ వరకు చేరుతుంది. ప్రకటనకర్త ఆ చివరిమెట్టును పట్టుకొని మొదటి మెట్టు మీది సరుకును అమ్ముతాడు. ప్రశ్న అదే, క్రమం అదే. సనత్కుమారుడు శోకతరణానికి ఎక్కించిన దిశను అది తలక్రిందులు చేసింది.

మరొక అపాయం సత్సంగాలలో, బంధుగృహాలలో నిత్యం కనబడేది. పుత్రశోకంలో ఉన్న తల్లి వద్దకు వెళ్ళినవారు, ఆమె నోరు విప్పకముందే, ఆత్మకు మరణం లేదని బోధిస్తారు. ఆ వాక్యం సత్యం. ఆ సమయంలో అది ఆమెకు చేరదు. ఆమె ఏడ్చేది కొడుకు లేనందుకే కావచ్చు, చివరిసారి వాడితో కఠినంగా మాట్లాడినందుకు కావచ్చు, ఇక తనకు తలకొరివి పెట్టేవారెవరన్న దిగులుకు కావచ్చు. అడగనివానికి అది తెలియదు. కురుక్షేత్రంలో శ్రీకృష్ణపరమాత్మ అర్జునుని విషాదాన్ని ప్రథమాధ్యాయం ముగిసేవరకు ఆలకించాడు. అర్జునుడు తన భయాలను, తర్కాలను, కులధర్మచింతను చివరిదాకా చెప్పి విల్లు వదిలి కూలబడేదాకా అడ్డుపడలేదు. ద్వితీయాధ్యాయంలో అర్జునుడు శిష్యుడనని శరణు వేడిన తరువాతనే ఆత్మోపదేశం మొదలయింది.

శోకించేవాని ఎదుట కూర్చున్నవారికి ఈ చరిత్ర చెప్పే కర్తవ్యం స్వల్పమైనదే. ముందు అడగాలి. వచ్చిన మాటను మన మాటలోకి మార్చకుండా, అతని మాటగానే గ్రహించాలి. దానికి అతడు ఎదురుగా దేనిని ఉంచుతున్నాడో తెలుసుకోవాలి. అది అతనికెందుకు ముఖ్యమో మెల్లగా అడగాలి. అతడు ఆగిన చోట మనమూ ఆగాలి. ప్రాణం దాటి ముందుకు నడిపించే అధికారం ఆవలి తీరం చూసిన గురువుకే ఉన్నది.

అధ్యాయం చివర, మాలిన్యాలు తొలగిన నారదునికి తమస్సుకు ఆవలి తీరాన్ని సనత్కుమారుడు చూపించాడని శ్రుతి చెబుతున్నది. ఆ తీరం వైపు తొలి అడుగు, నీకు తెలిసినది చెప్పు అన్న చోటనే పడింది.

ఓం తత్ సత్